ఫొటోలో ఎవరు ఎక్కడ నిలబడాలి?

కొన్నేళ్ల కిందట బావమరిది కుటుంబాన్ని గండికోటకు తీసుకెళ్లాను. ఎర్రమల కొండలను పెన్నానది నిలువునా కోసుకుంటూ పోయిన లోయ అది. అంచుకు కాస్త ఇవతల నలుగురినీ వరుసగా నిలబెట్టి, దగ్గరికి వెళ్లి, సరిగ్గా నడిమధ్యన పడేలా చూసుకుని ఫోను నొక్కాను. ముఖాలు చక్కగా వచ్చాయి. చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. లోయ మాత్రం రాలేదు. నాలుగు తలల వెనక తెల్లటి ఆకాశం, బావమరిది చెవి పక్కన చిటికెడు ఎర్రరాయి, అంతే. ఇంటికొచ్చాక మా అత్తగారు ఫొటో చూసి, "మన మిద్దె మీద తీసిందేనా నాయనా?" అన్నారు.

తప్పు ఫోనుది కాదు. మనుషులను చూశాను కానీ వాళ్ల చుట్టూ ఏం మిగులుతోందో చూడలేదు. సీమలో పుట్టినవాళ్లకు ఖాళీ కొత్త కాదు. కనుచూపు మేర నేల, దాని మీద అంతకు రెట్టింపు ఆకాశం చూస్తూ పెరుగుతాం. ఫోను చేతిలోకి రాగానే మాత్రం ఆ ఖాళీ అంటే భయం పట్టుకుంటుంది, మనిషిని అడ్డం పెట్టి నింపేస్తాం. ఆ భయం పోగొట్టుకోవడానికి నేను పాటించే పద్ధతి ఇది. పెద్ద కెమెరా అక్కర్లేదు.

ముందు ఒక వాక్యం చెప్పుకోండి

ఫోను జేబులో ఉండగానే "ఈ ఫొటో దేని గురించి?" అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు ఒక్క వాక్యంలో రావాలి. లేపాక్షిలో అమ్మను నంది దగ్గర తీయాలనుకున్నారు. "అమ్మ లేపాక్షికి వచ్చింది" అనేది ఒక వాక్యం. "అమ్మ పక్కన నంది ఎంత పెద్దగా ఉందో" అనేది ఇంకొకటి. మొదటిదానిలో కర్త అమ్మ. ఆమె ముఖం పెద్దగా, వెనక నంది మెడలోని గంటల పట్టెడ కాస్త కనబడినా చాలు. రెండోదానిలో కర్త నంది. అది పూర్తిగా రావాలి, అమ్మ ముంగాళ్ల దగ్గర చిన్నగా నిలబడాలి. రెండూ ఒకే ఫొటోలో కావాలంటే అమ్మ ముఖమూ సగమే, నందీ సగమే.

చిన్నప్పుడు బళ్లో కర్త, కర్మ, క్రియ గుర్తించమనేవారు గుర్తుందా? ఇక్కడా అదే పని. కర్త ఎవరో తేలితే ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న వస్తుంది. క్రియ ఏమిటో తేలితే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. వాక్యంలో అమ్మ, నంది, గుడి, చెరుకురసం బండి అన్నీ వచ్చేస్తుంటే అవి నాలుగు ఫొటోలు. విడివిడిగా తీయండి.

తెర మీద గీతలు తెచ్చుకోండి

ఆండ్రాయిడ్ ఫోన్లలో కెమెరా తెరిచి దాని సెట్టింగ్స్‌లో, ఐఫోన్‌లో అయితే ఫోను సెట్టింగ్స్‌లోని కెమెరా విభాగంలో 'గ్రిడ్' అనేది ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు, తొమ్మిది గళ్లు వస్తాయి. గీతలు ఫొటోలో పడవు, మీకు కనబడడానికే.

గీతలు కలిసే చోట్లు నాలుగు. కర్తను వాటిలో ఒకదాని దగ్గరికి జరపడమే మూడోవంతు సూత్రం. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు దీనికి ఆ పేరు పెట్టాడు. ఆయన మాట్లాడింది ప్రకృతి చిత్రాల గురించి. నేల ఒక వంతు ఉంటే ఆకాశం రెండు వంతులు ఉండాలని, వెలుగునీడలను కూడా అలాగే పంచాలని ఆయన లెక్క. మనుషుల ఫొటోలకు ఆ లెక్క తర్వాత వచ్చి చేరింది.

ఆచరణలో ఇంతే: ఒక్కరే ఉంటే, నిలువెత్తు ఫొటోలో శరీరం ఒక నిలువుగీత పొడవునా రావాలి. ముఖం దగ్గరగా తీస్తే కళ్లు పై అడ్డగీత దగ్గర ఉండాలి. చాలామంది కళ్లను నడిమధ్యకు తెస్తారు. అప్పుడు నెత్తి పైన మూరెడు గోడ మిగులుతుంది, మెడ దగ్గర కోత పడుతుంది.

ఈ గీతలను ముగ్గు చుక్కలనుకోండి. చుక్కలు లేకుండా ముగ్గు వేసేవాళ్లున్నారు. వాళ్లు కూడా చుక్కలు పెట్టే మొదలుపెట్టారు.

ఎటు చూస్తున్నారో అటు చోటివ్వండి

నాలుగు చోట్లలో ఏది ఎంచుకోవాలి? ఒక్క ఫొటోను మార్చేసే ప్రశ్న ఇదే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

మళ్లీ లేపాక్షి నంది దగ్గరికి రండి. (2022లో జిల్లాలు విడిపోయాక లేపాక్షి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. నా నోటికి మాత్రం ఇంకా అనంతపురమే వస్తుంది.) ఒకే రాతిలో మలిచిన ఆ నంది దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. అంత బరువున్న రాయి, అయినా ఇప్పుడో ఇంకాసేపటికో లేస్తుందేమో అనిపిస్తుంది. కారణం ఆ తల. మెడ నిక్కించి వీరభద్రాలయం వైపు చూస్తుంటుంది. పక్కనుంచి తీసేటప్పుడు దాని ముఖం ఫొటో అంచుకు తగిలిందంటే గోడకు ముక్కు ఆనించి కూర్చున్న ఎద్దు అవుతుంది. అదే ఫోనును కాస్త తిప్పి, నందిని వెనక్కి జరిపి, ముఖం ముందు మూడోవంతు ఖాళీ వదలండి. ఆ ఖాళీలో ఏమీ లేకపోయినా చూసేవాళ్ల కన్ను నంది చూపు వెంట వెళుతుంది.

మనుషులకూ ఇదే. కుడివైపు చూస్తున్నవాళ్లను ఎడమ గీత మీద, ఎడమవైపు చూస్తున్నవాళ్లను కుడి గీత మీద ఉంచండి. నడుస్తున్నవాళ్లకు అడుగు పడే వైపు చోటు కావాలి. అనంతపురం పల్లెల్లో సాయంత్రం గొర్రెల మంద ఇంటికి మళ్లుతుంటే, ముందు నడిచే కాపరిని ఫొటో మొదట్లో ఉంచి ఎదుట దారి మిగల్చండి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ మంద వెనక రేగిన ధూళిలో ఎండ పడి బంగారంలా మెరుస్తోంది, మీ వాక్యం కూడా "మంద వెళ్లిపోయిన దారి" అని వచ్చింది. అప్పుడు మందను ముందు అంచుకు నెట్టి వెనక ఖాళీ వదలండి. సూత్రం తప్పినట్టే, అయినా ఖాళీ దక్కాల్సిన చోటికే దక్కింది.

కెమెరా వైపే సూటిగా చూస్తుంటే? భుజాలు ఎటు తిరిగి ఉన్నాయో చూసి అటు చోటివ్వండి. ఇంకా మంచిది, కెమెరా వైపు చూడొద్దని చెప్పడం. అమ్మను నంది వైపు చూడమనండి. మన పెద్దవాళ్లకు ఫొటో అంటే ఊపిరి బిగపట్టి నిలబడడం అలవాటు. నంది వైపు తిరగ్గానే ఆ బిగింపు సడలుతుంది. పిల్లలను నంది మీదికి మాత్రం ఎక్కించకండి.

ఆకాశం ఎంత, నేల ఎంత

నేలా ఆకాశమూ కలిసే గీతను ఫొటో నడుమ పెట్టడం మనందరి మొదటి అలవాటు. చెరిసగం పంచితే దేనికీ న్యాయం జరగదు. ఏది బాగుందో దానికి రెండు వంతులు ఇవ్వండి. గండికోటలో చూడాల్సిందంతా కిందే ఉంది, కాబట్టి ఆకాశాన్ని పై గీతకు నెట్టేయండి. వేరుశనగ చేల మీద వానమబ్బు కమ్ముకొస్తుంటే నేలను కింది గీతకు దించండి. పచ్చని చారొకటి అడుగున ఉంటే చాలు. మబ్బు లేని మండుటెండలో ఆకాశం ఉత్త తెల్లకాగితం, దానికి వంతులెందుకు? వీలైతే పూర్తిగా తీసేయండి.

గీత వంకరగా ఉంటే చూసేవాళ్లకు తల తిరుగుతుంది. గ్రిడ్ గీతతో సరిచూసుకోండి. అది మనిషి మెడ మీదుగా పోతుంటే తల తెగినట్టుంటుంది. మోకాళ్లు వంచి కిందినుంచి తీస్తే తల ఆకాశంలోకి లేస్తుంది, లేదంటే మెట్టెక్కి తీస్తే మనిషి మొత్తం నేల మీద పడతాడు.

ఇక నా గండికోట తప్పు. వాళ్ల ఎత్తులోనే, వాళ్లకు దగ్గరగా నిలబడి తీయడం వల్ల నలుగురి భుజాలు లోయను మింగేశాయి. చేయాల్సింది ఇది: వాళ్లను అంచుకు బాగా ఇవతల, చదునైన బండ మీద కూర్చోబెట్టాలి. తీసేవాళ్లు పదిపదిహేను అడుగులు దూరం జరిగి, వీలైతే ఇంకో ఎత్తైన బండ ఎక్కాలి. మనుషులు ఎడమ గీత దగ్గర చిన్నగా, మిగిలిన రెండు వంతుల్లో లోయ, అడుగున నీళ్లు. ఒక హెచ్చరిక: జరగాల్సింది తీసేవాళ్లే, అదీ లోయకు దూరంగా. నిలబడ్డవాళ్లను "ఇంకొంచెం వెనక్కి" అనకండి. అక్కడ అంచు పొడవునా కంచె ఉండదు.

నెత్తిన మొలిచిన స్తంభాలు

కర్నూలు కొండారెడ్డి బురుజు ముందు ఫొటో దిగనివాళ్లు ఆ ఊళ్లో ఉండరేమో. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలం నాటి కట్టడం, నగరం నడిబొడ్డున ఉంది. కాబట్టి ఆటోలు, తీగలు, ఫ్లెక్సీలు అన్నీ ఫొటోలోకి వస్తామంటాయి. మన కన్ను వాటిని పట్టించుకోదు, ఫోను వదలదు. మనిషి నెత్తి మీద కరెంటు స్తంభం మొలుస్తుంది, చెవిలోంచి జెండాకర్ర వస్తుంది.

నొక్కే ముందు మనిషిని వదిలేసి ఫొటో నాలుగు అంచులూ ఒకసారి చుట్టి రండి. రెండు సెకన్లు చాలు. అడ్డం ఏదైనా కనబడితే మనిషిని కాదు, మీరే ఒక అడుగు పక్కకు జరగండి. దగ్గరున్న మనిషి చాలా, దూరాన ఉన్న స్తంభం కొంచెం కదులుతాయి కాబట్టి ఒక్క అడుగుతో రెండూ విడిపోతాయి. జనం, వాహనాలు తగ్గాలంటే తెల్లవారగానే వెళ్లడం ఒక్కటే దారి.

మధ్యలోనే పెట్టాల్సినవి

ఇంతసేపూ పక్కకు జరపమన్నాను కదా, మధ్యలో పెట్టక తప్పనివి కూడా ఉన్నాయి. రెండువైపులా ఒకేలా ఉన్న చోట పక్కకు జరిపితే అది పొరపాటులా కనబడుతుంది. తాడిపత్రి చింతల వెంకటరమణస్వామి గుడిలో గరుడ మండపం రాతిరథం ఆకారంలో ఉంటుంది. దాన్ని ఎదురుగా తీసేటప్పుడు సరిగ్గా నడుమ నిలబడండి. ఒక జానెడు పక్కకు పోయినా తేడా తెలుస్తుంది. స్తంభాల నడవల్లోనూ అంతే. ఎడమవైపు ఎన్ని స్తంభాలు పడ్డాయో కుడివైపూ అన్నే పడ్డాయా అని లెక్కపెట్టుకోండి. గర్భగుడి దగ్గర ఫోను తీయకండి.

నీళ్లలో ప్రతిబింబం రెండో సందర్భం. యాగంటి కోనేరు, ఓర్వకల్లు దగ్గరి రాతివనంలో బండల మధ్య నిలిచే నీళ్లు ఇందుకు బాగుంటాయి. పైన రాయి, కింద దాని నీడ. ఇక్కడ నీటి అంచు గీతను నిర్భయంగా ఫొటో నడుమ పెట్టండి. గాలి లేని ఉదయం వెళ్లి, ఫోనును నీటికి దగ్గరగా దించితే నీడ ఇంకా నిండుగా వస్తుంది.

కంటికి దారి

బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు నాపరాళ్లను నిలువుగా పాతి కట్టిన కంచెలు కనబడతాయి. ఫొటో నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి పాఠం లేదు. కంచెకు ఎదురుగా నిలబడి తీస్తే అది గోడ. దాని పక్కన చేరి, పొడవునా చూస్తూ తీస్తే మీ కాళ్ల దగ్గర మొదలై దూరానికి సన్నబడుతూ పోయే దారి. కర్తను ఆ దారి చివర ఉంచండి. వేరుశనగ సాళ్లు, గుడి మెట్లు, చెరువు కట్ట కూడా ఇదే పని చేస్తాయి. గీత మనిషి వైపు వెళ్లాలి, ఫొటో బయటికి కాదు. కంచె కుడి అంచు దాటి పోతూ, మనిషి ఎడమ మూలన ఉంటే కన్ను మనిషిని వదిలేసి కంచెతోపాటు వెళ్లిపోతుంది.

కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు లోలోపలికి 3,229 మీటర్లు సాగుతాయి. సున్నపురాయిని నీరు కరిగించి చేసిన మలుపులే అక్కడి గీతలు. లోపల చీకటి, అక్కడక్కడ పసుపు దీపాలు. దీపం ముందు మనిషిని నిలబెట్టి ముఖం తీయాలని చూస్తే దీపం పేలిపోయినట్టు తెల్లగా వస్తుంది. ముఖం మాట మరిచిపోయి, మనిషిని మలుపు దగ్గర దీపానికి అడ్డంగా నిలబెట్టండి. తెర మీద వెలుగున్న చోట వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు అక్కడ స్థిరపడతాయి. ఆపై వెలుతురు తగ్గించే గుర్తును కిందికి జరపండి. నల్లటి ఆకారం, దాని చుట్టూ రాతి అలలు.

గండికోటలోని జామియా మసీదు తోరణాల్లాంటివి ఫొటోలో ఇంకో ఫొటోకు చట్రం కడతాయి. నీడలో ఉండి, తోరణం గుండా ఎండలో ఉన్న మనిషిని తీయండి. మనిషి తల తోరణం అంచుకు తగలకూడదు, చుట్టూ కాస్త వెలుతురు మిగలాలి.

చేతులా, ముఖమా

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. 2020లో పద్మశ్రీకి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. అలాంటి చోట పనిచేసే కళాకారులను తీయాలంటే ముందు అనుమతి అడగండి. తర్వాత మళ్లీ వాక్యం దగ్గరికి రండి. "ఈయన బొమ్మలు చేస్తారు" అయితే ముఖం. "బొమ్మ ఇలా తయారవుతుంది" అయితే చేతులు, ఉలి, తోలు. చేతుల ఫొటోలో చేతి కదలిక ఎటుందో అటు చోటు వదలండి, చూపుకు వదిలినట్టే. ముఖం అసలు లేకపోయినా నష్టం లేదు. సగం ముఖం వస్తే మాత్రం నష్టమే.

తోలుబొమ్మను బల్ల మీద పెట్టి తీస్తే రంగు వేసిన అట్టముక్కలా కనబడుతుంది. ఆ తోలు వెలుతురును తనలోంచి పోనిస్తుంది, ఆటలో తెర వెనక దీపం పెట్టేది అందుకే. బొమ్మను కిటికీకి ఎదురుగా పట్టుకోమని, మీరు గది లోపలివైపు నిలబడి తీయండి. బొమ్మ కూడా ఒకవైపే చూస్తుంది. దానికీ చూపు ముందు చోటు కావాలి. దాని ఎదుట ఇంకో బొమ్మను పట్టిస్తే ఆ ఖాళీలో ఒక సంభాషణ మొదలవుతుంది. నాకు ఇంతవరకూ నచ్చిన నా ఫొటోల్లో అదొకటి. మండోదరి, రావణుడు, ఇద్దరి మధ్యా ఒక జానెడు వెలుతురు.

పట్టనంత పెద్దవి, పట్టాల్సినంతమంది

కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ రికార్డుకెక్కింది. దాదాపు ఐదెకరాల మీద పరుచుకున్న చెట్టు. మొత్తం తీయాలన్న ఆశ వదలండి. దూరం జరిగితే అది చెట్టులా కాదు, తోపులా కనబడుతుంది. నాలుగు ఊడల మధ్య ఒక పాపను నిలబెట్టి, పాపను కింది గీతల కూడలికి దించి, పైన రెండు వంతులూ కొమ్మలకే వదిలేయండి. చెట్టు ఎంత పెద్దదో ఆ పాప చెబుతుంది.

ఎక్కువమంది ఉన్నప్పుడు ఫోనులో 0.5 అని ఉండే వెడల్పు లెన్స్ వాడాలనిపిస్తుంది. దానిలో అంచున ఉన్నవన్నీ సాగుతాయి. చివర నిలబడ్డ మేనత్త భుజం గుమ్మడికాయంత అవుతుంది, ఆ కోపం పండగ దాకా ఉంటుంది. మామూలు లెన్స్‌తోనే కాస్త దూరం జరిగి తీయండి. అందరినీ బారుగా నిలబెట్టకుండా పెద్దవాళ్లను కూర్చోబెట్టి, పిల్లలను నేల మీదికి దించి, తలలన్నీ వేర్వేరు ఎత్తుల్లో ఉండేలా చూడండి. అంచు పడే చోటు మణికట్టో, మోకాలో, చీలమండో కాకూడదు. నడుము దగ్గరో, తొడ మధ్యలోనో ఆపితే చూడడానికి బాగుంటుంది.

ఇంట్లో సాధన, తర్వాత కోత

ఒక వారంపాటు రోజూ పది నిమిషాలు కేటాయించండి. ఇంట్లోని ఇత్తడి చెంబు తీసుకుని కిటికీ దగ్గర పెట్టి పది ఫొటోలు తీయండి: నాలుగు కూడళ్లలో నాలుగు, మధ్యలో ఒకటి, ఒక మూలన ఒకటి, కిందినుంచి, పైనుంచి, దగ్గరగా, దూరంగా. చెంబుకు చూపు లేదు కదా అనుకుంటారు. దాని మూతి కాస్త వంచి పెట్టి చూడండి, వంగిన వైపు చోటు కావాలని మీకే అనిపిస్తుంది. తర్వాత చెంబు స్థానంలో ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టండి, వాళ్లకు ఓపిక ఉంటే.

తీసిన తర్వాత కత్తిరించి సర్దుకోవచ్చు, కానీ దానికి హద్దుంది. 12 మెగాపిక్సెళ్ల ఫొటోను వెడల్పులో సగం, ఎత్తులో సగం కత్తిరిస్తే మిగిలేది 3 మెగాపిక్సెళ్లే. ఫోనులో చూడడానికి సరిపోతుంది, గోడకు పెద్దదిగా అచ్చు వేయించడానికి సరిపోదు. పైగా తీసేటప్పుడు వదలని ఖాళీని కత్తిరించి తెచ్చుకోలేం. అందుకే అనుమానం ఉన్నప్పుడు ఒక అడుగు దూరం జరిగి ఇంకొకటి తీసి పెట్టుకోండి.

కిందటి చలికాలం మళ్లీ అందరం గండికోట వెళ్లాం. ఈసారి వాళ్లను బండ మీద కూర్చోబెట్టి, నేను దూరంగా ఎత్తు మీదికెక్కి తీశాను. బావమరిది ఫోను అందుకుని కాసేపు చూసి, "ఇందులో నేనెక్కడున్నాను బావా?" అన్నాడు. ఎడమ గీత దగ్గర వేలు పెట్టి చూపించాను. రెండు వేళ్లతో పెద్దది చేసి తన ముఖం చూసుకున్నాడు, మళ్లీ చిన్నది చేసి లోయను చూశాడు. ఆ సాయంత్రమే అత్తగారికి పంపించాడు.